కస్తూరి నవ్వు ఏ తలలో భద్రం?

తాడేపల్లిగూడెంలో మనుషుల తలలు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడవడం మొదలై చాలా ఏళ్లయింది గనక, ఎవరో మంగతాయారు తలలోకి చొరబడి చనిపోయిన చెల్లెలి నవ్వు ఎత్తుకుపోయారంటే వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "మీది ఏ సిస్టమండీ?" అని మాత్రం అడిగారు.

"ఆయ్, సంతేనండీ" అంది మంగతాయారు. అనుకున్నామన్నట్టు తలలూపారు. ఊళ్లో ముప్పాతిక మందిది సంతే. చవక, అన్నీ దొరుకుతాయి. దొంగలూ అందుకే అక్కడికొస్తారు.

మంగతాయారు బ్లౌజులు కుడుతుంది. చెల్లెలు కస్తూరి పోయేనాటికి ఆమె కూతురు ఇందుమతి ఇంకా పాకుతోంది. అప్పట్నుంచీ మంగతాయారే పెంచింది. ఆ పిల్ల కాలేజీకి వచ్చినా, అప్పుడప్పుడూ "అమ్మ ఎలా నవ్వేది పెద్దమ్మా?" అని అడిగేది. మంగతాయారు మిషను ఆపి, గొంతు సవరించుకుని, అచ్చం అలాగే నవ్వి చూపించేది. ఇప్పుడు అడిగితే కస్తూరి మొహం గుర్తొస్తోంది, పళ్లు గుర్తొస్తున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

"ఊరుకునేది లేదు" అని కొట్టు మూసి, తలల భద్రతా కార్యాలయానికి వెళ్లింది.

అక్కడి అధికారి పరాంకుశం మర్యాదస్తుడు. "కోటకి మారండి. లేదా చావడికి. రెండూ మంచివే" అన్నాడు.

"ఏది గట్టిదో కళ్లారా చూశాకే మారతానండీ."

అలా అడిగే హక్కు నిబంధనల్లో ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక తీసెయ్యడం మర్చిపోయారు. పరాంకుశం మూడు కుర్చీలు వేయించి, మూడు సిస్టమ్‌ల మనుషుల్ని కూర్చోబెట్టి, కార్యాలయంలో జీతం మీద పనిచేసే దొంగ అబ్బుల్ని పిలిపించాడు.

మొదట కోట. దాని గోడలు చాలా ఎత్తు. లోపల ఏముందో తల గలవాడికి కూడా చూపించరు. అబ్బులు గోడని ఓసారి తట్టి చూసి, వరండాలోకి వెళ్లి, కోట మనిషికి ఫోన్ చేశాడు. "కోట హెడ్డాఫీసు నుంచండీ. మీ తల సాయంత్రానికి ఆగిపోద్దండీ. వెనక తలుపు ఓసారి తీస్తారేంటి?" ఆయన కంగారుగా తీశాడు.

తర్వాత చావడి. దాని గోడలు అద్దాలవి. ఎవరైనా లోపలికి తొంగిచూసి, పగులు కనిపిస్తే బాగుచేయొచ్చు. ఎవరైనా చూడొచ్చు గనక ఎవరో చూసే ఉంటారని అందరూ అనుకున్నారు. పగులు అలాగే ఉండిపోయింది. చివరికి దానికి అతుకు తయారైంది గానీ, ఆ తల గల లెక్చరరు గారు ఇంట్లో పెళ్లిళ్లన్నీ అయ్యాక వేయించుకుందామని పక్కన పెట్టారు. అబ్బులు అందులోంచి వెళ్లి ఆయన ఎమ్మే పట్టా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

సంత వంతు వచ్చేసరికి, "ఇందాక వస్తా వస్తా వెళ్లొచ్చేశానండీ" అన్నాడు.

పరాంకుశం ఫలితం చదివి వినిపించాడు. గోడలు మూడు రకాలు, తలుపు తీసేవాడు ఒకే రకం. కాబట్టి ముప్పు సిస్టమ్ కాదు, వాడేవాడు. ఇందుకోసమే శాఖ 'తాళం' అనే కొత్త సిస్టమ్ తెచ్చింది. తల గలవాణ్ణి బయటికి పంపేసి, తల మూసేస్తారు. అలా మూయించుకున్న పెద్దమనిషి గోడవారన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. భార్య ఆయన మూతి తుడుస్తోంది.

"మావారిది ఇంతవరకూ ఒక్కటీ పోలేదండీ" అందావిడ.

"ఏవన్నా గుర్తున్నాయాండీ ఆయనకి?"

"పోలేదండీ" అని ఆవిడ మళ్లీ చెప్పింది.

మంగతాయారు దణ్ణం పెట్టి ఇంటికొచ్చేసింది. దొంగనే పట్టుకోవాలని గట్టిగా అనుకుంటూ బ్లౌజుకి చంక ముక్క అతుకుతుంటే ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టింది.

"నమస్కారమండీ, హైవే పక్కన ప్లాట్లున్నాయండీ" అని అవతల అమ్మాయి నవ్వింది.

మంగతాయారు తలకి ఏమీ తెలియలేదు గానీ చేతులు ఆగిపోయాయి. పుస్తకం చదువుకుంటున్న ఇందుమతి లేచి వచ్చింది. "నువ్వు నవ్వి చూపించేదానివే పెద్దమ్మా, అదే!"

"ఆ నవ్వు నీకెక్కడిదమ్మా?" అంది మంగతాయారు.

"కంపెనీ ఇచ్చిందండీ. ఇది వింటే ఎవరూ ఫోన్ పెట్టెయ్యరంటండీ. డ్యూటీ దిగేటప్పుడు ఇచ్చెయ్యాలి."

"మరి నీ సొంతది?"

"చేరిన రోజే తీసుకున్నారండీ. అందరివీ అంతే."

మర్నాడు కార్యాలయానికి వెళ్లి సంగతి చెబితే పరాంకుశం సంతోషించాడు. ఫిర్యాదు నడిపితే నవ్వుని సాక్ష్యంగా సీలు వేసి, కేసు తేలేదాకా ఎవరూ వినకుండా దాస్తామన్నాడు. అదీగాక కోటకి మారితే తెలియని నంబర్లేవీ లోపలికి రావన్నాడు.

"అయితే నాదేం పోలేదని రాసుకోండి. సంతలోనే ఉంటాను."

అప్పట్నుంచి మంగతాయారు పట్టుదలగా జోకులు పోగుచేసింది. కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగింది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ వచ్చేది. సంభాషణ రికార్డు చేసుకోవచ్చా, సరేనంటే ఒకటి నొక్కండి అని యంత్రం అడిగేది. ఇందుమతి నొక్కేది. మంగతాయారు ప్లాటుకి తూర్పు ఏ వైపని అడిగి, మధ్యలో జోకు వేసేది. అవతల కస్తూరి పగలబడి నవ్వేది. ఓ రోజు బ్లౌజుకి మూడు చేతులు కుట్టించుకున్న పెళ్లికూతురి కథ చెబితే ఇందుమతి కూడా ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు ఫోన్‌లో ఇద్దరు అమ్మాయిలు మాట్లాడారు. మొదటి ఆమె కస్తూరిలా నవ్వింది. రెండో ఆమె ఇంకోలా నవ్వింది. మంగతాయారు ఇందుమతి వైపు చూసింది. ఆ పిల్ల మొహం ప్రశాంతంగా ఉంది.

"రెండోది నాదే అనుకుంటా పెద్దమ్మా" అంది.

మంగతాయారు స్పీకరు శబ్దం పెంచి, దగ్గరికి జరిగింది.

"తల్లీకూతుళ్లు కలిసి నవ్వడం నేనెప్పుడూ వినలేదే" అంది. "ఉండు, ఇంకోటి చెబుతాను."