పైసా ఖర్చు లేని కొత్తది

శుక్రవారం ఉదయం సాగిన్ మాష్టారు పెట్టుకున్న పని ఒక్కటే. భార్య ఊల్కాన్ పోయి ఏడాదైంది. రేపటి సంస్మరణ విందులో గోడకు తగిలించడానికి కంప్యూటర్లోంచి ఆమె ఫొటో ఒకటి ఏరుకోవాలి. తీరా తెరిస్తే తెర నల్లబడి, మూలన "ఈ ప్రతి అసలైనది కాదు" అని కనిపించి, మరుక్షణం ఆగిపోయింది.

"కంప్యూటర్ని నడిపే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కొత్తది కొంటే తొమ్మిది వేల సోమ్‌లు, మాష్టారూ," అన్నాడు నారిన్ ఊరి బజారులోని కంప్యూటర్ మెకానిక్ ఎర్మెక్ ఫోన్లో. "దొంగ ప్రతి మూడొందలు. లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఉంది, అది ఉచితం."

ఊల్కాన్ ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినా ఆఫీసు పెన్ను ఒక్కటి ఇంటికి తెచ్చిన మనిషి కాదు. దొంగ ప్రతికి మాష్టారి మనసొప్పలేదు. తొమ్మిది వేలకు పింఛను ఒప్పుకోలేదు.

మెట్ల మీదైతే సిగ్నల్ బాగా అందుతుందని అక్కడికొచ్చి గట్టిగా చెప్పారు. "పాతది ఇక లేవదయ్యా. ఎన్నాళ్లని చూస్తూ కూర్చోను? పైసా ఖర్చు లేకుండా కొత్తది వస్తుందంటే ఇవాళే తెచ్చుకుంటాను!"

మెట్లు ఊడుస్తున్న పొరుగింటి బాత్మా చీపురు ఆగిపోయింది. మాష్టారు బజారుకెళ్లి ఎర్మెక్ దగ్గర లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చుకునేలోగా, ఆ మాట ఊల్కాన్ చెల్లెలు సాల్కిన్ చెవిన పడింది.

"పెన్‌డ్రైవ్ పెట్టగానే రెండు దారులు చూపిస్తుంది," ఎర్మెక్ ఫోన్లో చెబుతున్నాడు. "కొత్తదాన్ని పాతదాని పక్కనే పెట్టాలా, పాతదాన్ని తుడిచేయాలా అని. పక్కనే అన్నది నొక్కండి."

"పాతదాని పక్కనే కొత్తది. అలాగే," అన్నారు మాష్టారు.

తలుపు దబదబా మోగింది. "బావా! అక్క సమాధి మీది మట్టైనా ఆరలేదు!"

మాష్టారు ఉలిక్కిపడ్డారు. వేలు ఎక్కడో నొక్కింది. తెర మీద ఇంకేదో ప్రశ్న వచ్చింది. "సరే, సరే, వస్తున్నా," అంటూ దానికీ ఒప్పుకుని తలుపు తీశారు.

"ఏదీ? ఎక్కడ కూర్చోబెట్టావు దాన్ని?"

"బల్ల మీద," అన్నారు మాష్టారు, ఏమీ అర్థంకాక.

సాల్కిన్ బల్ల వైపు చూసింది. తర్వాత వెనకనున్న బాత్మా వైపు చూసింది. "నేను విన్నదే చెప్పానమ్మా," అని బాత్మా మెట్లెక్కేసింది.

తెర మీద గీత చివరిదాకా పాకింది. పాత ఫైళ్లన్నీ తొలగిపోయాయని దాని కింద రాసి ఉంది. మాష్టారు రెండుసార్లు చదివారు.

"ఫొటోలు ఇంకెక్కడైనా దాచారా?" అన్నాడు ఎర్మెక్ ఫోన్లో. "అన్నీ ఇందులోనే," అన్నారు మాష్టారు. ఎర్మెక్ వచ్చి సాయంత్రం దాకా తంటాలుపడి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సాల్కిన్ కోటు విప్పకుండానే కూర్చుంది. "నా నోటివల్లే, బావా," అంటూ తన ఫోన్ తెరిచింది. ఎన్నో పెళ్లిళ్లు, పుట్టినరోజులు. ఊల్కాన్ అన్నింట్లోనూ ఉంది. ఒకదాంట్లో తలొంచుకుని టీ పోస్తోంది. ఒకదాంట్లో రొట్టెల పళ్లెం వెనక సగం ముఖం. ఇంకోదాంట్లో వంటింట్లోకి పోతున్న వీపు.

"అక్కని ఒక్కసారైనా కూర్చోనిచ్చామా?" అంది సాల్కిన్. మాష్టారు ఫోన్ తీసుకుని, ఆ సగం ముఖాన్ని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

మర్నాడు గోడకు తగిలించింది దాన్నే. వచ్చినవాళ్లంతా ఎవరని అడగకుండానే గుర్తుపట్టారు.

కొత్త సిస్టమ్ మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది.