ఏడో రంధ్రం

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్కు వేసుకున్న ప్రణాళిక ఒక్కటే: మధ్యాహ్నం కల్లా మౌతార్గాన్ మీద సప్తస్వరాలు పలికించెయ్యాలి. ఇంట్లో వాయిస్తే భార్య ఊరుకోదు. "ఆ పీపీ ఆపుతారా, నన్ను పుట్టింటికి పొమ్మంటారా?" అంటుంది. అందుకే ఆరంతస్తుల ఆఫీసు భవనం పైనున్న లిఫ్టు మోటారు గదిని సంగీత కళాశాల చేసుకున్నాడు.

విద్య తేలికే. ఒక రంధ్రంలో ఊదితే ఒక స్వరం, అక్కడే గాలి పీలిస్తే తర్వాతి స్వరం. నాలుగో రంధ్రంతో మొదలెట్టి ఆరో రంధ్రం దాకా దర్జాగా వచ్చేవాడు. ఏడో దాంట్లో వరస తిరగబడుతుంది, ముందు పీల్చాలి. ఇతను అలవాటుకొద్దీ ఊదేవాడు. తప్పు వచ్చిందన్న కోపంతో మరీ గట్టిగా ఊదేవాడు. ఆ కీచు అరుపు లిఫ్టు తిరిగే సందులోంచి ఆరంతస్తులూ దిగేది.

భవనం మేనేజరు పిలిచాడు. "ఏమయ్యా, లిఫ్టు ఏడుస్తోందని అందరూ నా ప్రాణం తీస్తున్నారు. ఏంటి సంగతి?"

డ్యూటీ వేళ వాయిస్తున్నానంటే ఉద్యోగం ఊడుతుంది. "బేరింగు సార్. గ్రీజు పెడితే సరి," అన్నాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఆ రోజు మళ్ళీ వాయించలేదు; ఏడుపు ఆగింది. మేనేజరు భుజం తట్టాడు. మర్నాడు మనసాగక వాయించాడు. "ఇది గ్రీజుతో పోయే జబ్బు కాదు," అని మేనేజరు లిఫ్టు ఆపించి, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇంజనీరమ్మకు కబురు పెట్టాడు. పై అంతస్తులో ఉండే లావుపాటి వకీలు మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో మాట రాక, చేతులూపి తిట్టాడు.

ఎనిమిదేళ్ళుగా కన్నబిడ్డలా చూసుకున్న మోటారును ఇంజనీరమ్మ విప్పుతుంటే మెకానిక్కు చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

"దానికే రోగమూ లేదు మేడమ్. ఆ చప్పుడు నాది," అంటూ జేబులోంచి మౌతార్గాన్ తీశాడు.

"లిఫ్టు కోసం నింద నెత్తినేసుకుంటున్నావా? ఏదీ, వాయించు!" అన్నాడు మేనేజరు.

మెకానిక్కు మొదలుపెట్టాడు. ఏడో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి భయంతో ఊపిరి లోపలికి పోయింది. సప్తస్వరాలూ పూసగుచ్చినట్టు పలికాయి, జన్మలో మొదటిసారి.

"ఇంత తియ్యగా వాయించేవాడిది ఆ ఏడుపెలా అవుతుంది?" మేనేజరు తేల్చేశాడు.

"మోటారులో నాకైతే ఏ లోపమూ కనిపించట్లేదండీ," అంది ఇంజనీరమ్మ.

"కనిపించని లోపమే ప్రమాదం. మార్చెయ్యండి!"

కొత్త మోటారు వచ్చింది. లిఫ్టు కోసం నింద మోశాడని, ఆ ఏడుపు తనదేనని ఒప్పుకున్న మెకానిక్కుకు ఆ నెల ఉత్తమ ఉద్యోగి పతకం ఇచ్చారు.