బాల్కనీ తలుపుకి కాగితం

ఉక్రెయిన్‌లోని చెర్నివ్ట్సీ ఊరికి ప్లాస్టిక్ కిటికీల పిచ్చి పట్టిన ఏడాది అది. వీధిలో ఒక్కో ఇల్లూ నిక్షేపంలాంటి ఓకు చెక్క కిటికీల్ని పీకించి, తెల్లగా పళ్ళికిలించే కొత్తవి పెట్టించుకుంటోంది. మూడో అంతస్తు జెనోవీ మాత్రం, తండ్రి చేసిన రెండు వరసల అద్దాల జంట కిటికీల మీద చెయ్యి పడనివ్వనన్నాడు. వేసవంతా పాత రంగు గీకి, పుట్టీ పెట్టి, చట్రాలు బాగుచేశాడు.

ఆ శనివారం పొద్దున భార్య స్టెఫానియా కిటికీ గట్టు మీద కొవ్వొత్తి వెలిగించి పెట్టింది.

"మధ్యాహ్నం ప్లాస్టిక్ కిటికీల కొలతలాయన వస్తాడు. ఈలోగా సందుల్లోంచి గాలి దూరి ఈ మంట వణికిందంటే మీ నాన్న కిటికీలు పొయ్యిలోకే."

"వణకదు. కింద ట్రాలీబస్సు పోయినా నీకు వినబడదు, చూడు."

చలికాలానికి ఇల్లు మూసే పని మొదలైంది. కిటికీ సందులకి కాగితం పట్టీలు అంటించడానికి ఇద్దరూ పిండి జిగురు కాచారు. రెండు అద్దాల మధ్య దూది పరిచి, పైన ఎర్రటి రోవాన్ పళ్ళ గుత్తులు పెట్టారు. జెనోవీ వాళ్ళమ్మా అలాగే పెట్టేది. ఆ జిగురు వాసనకి, పాత పేపరు పట్టీలుగా చింపే ఆమె వేళ్ళు అతని కళ్ళముందుకొచ్చాయి. అప్పుడు అంతా కాచేవాళ్ళు. ఇప్పుడు జిగురు కాచేవాణ్ణి పిసినారి అంటున్నారు.

"పుట్టీ అయిపోయింది, కొట్టుకెళ్ళొస్తా" అని కేకేసి బయల్దేరాడు. గుమ్మం దగ్గర గుర్తొచ్చింది, బాల్కనీలో సగం డబ్బా ఉందని. వెనక్కొచ్చి, బాల్కనీలోకెళ్ళి, చలిగాలి రాకుండా తలుపు లాగి, ఆ చివర చతికిలబడి పని చూసుకున్నాడు.

వంటింట్లోంచి జిగురు గిన్నెతో స్టెఫానియా వచ్చింది. ఎప్పటిలాగే బాల్కనీ తలుపుని వసంతం దాకా మూసేసింది. గడియ పెట్టి, సందుల్లో దూది కూరి, చుట్టూ కాగితం అంటించి, మీద ఉన్ని దుప్పటి వేలాడదీసింది. మళ్ళీ పొయ్యి మీది బోర్ష్ సూపు దగ్గరికెళ్ళింది.

జెనోవీ తలుపు కొట్టాడు. కిటికీ కొట్టాడు. అరిచాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. తన పనితనానికి కాసేపు పొంగిపోయాడు. తర్వాత చలేసింది.

కింద సంచీతో పోతున్న పొరుగావిడ యరోస్లావా ఆగింది.

"ఏం జెనోవీ గారూ, మీ ఆవిడ బయటికి గెంటేసిందా?"

"లేదండీ, తలుపు అంటించేసింది."

"నేనన్నదీ అదేగా."

పక్కింటాయనొచ్చి తాగుడు వల్లే అన్నాడు. ఇంకొకావిడ కాదు, ఇంకో ఆడదాని వల్ల అంది. ఎవరో పైకి చూసి, "దూకకు నాయనా, కిటికీలు పోతే పోయాయి" అని బతిమాలారు. ఇంకెవరో ఫైరింజనుని పిలిచారు. అది వీధంతా అదిరేలా మోగుతూ వచ్చింది.

ఆ గుంపులోంచి దారి చేసుకుని కొలతలాయన పైకెళ్ళి బెల్లు కొట్టాడు.

"అమ్మా, మీ ఆయన కిటికీల కోసం దూకబోతున్నాడట."

"ఆయన పుట్టీ కొనడానికి వెళ్ళాడే."

"మరి మీ బాల్కనీలో ఉన్నదెవరు?"

స్టెఫానియా దుప్పటి ఓ పక్కకి లాగింది. తలుపు అద్దం అవతల జెనోవీ, ముక్కు నీలంగా, నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఒక్క ముక్కా వినబడలేదు. అతని వెనక ఫైరింజను నిచ్చెన లేస్తోంది. దాని మోతా లోపలికి రావడం లేదు. గట్టు మీద కొవ్వొత్తి మంట బొమ్మలా నిలబడి ఉంది.

కొలతలాయన టేపు తీశాడు.

"ఆ టేపు లోపల పెట్టు బాబూ. పెళ్ళయ్యాక ఈయన గొంతు వినబడని పూట ఇదే. ఈ కిటికీలు నేను బతికుండగా తియ్యనివ్వను."

అప్పుడామె తడిగుడ్డ తెచ్చుకుని, కాగితం చిరగకుండా, ఎంతో నిదానంగా తలుపు ఒలవడం మొదలుపెట్టింది.