ఏడు పాయింట్ రెండు

పొద్దున్నే మాస్టారి వేలికి సూది గుచ్చి, షుగరు ఎంతుందో చూసి, తీపి లేని కాఫీ చేతికివ్వడం ఆయన భార్యకు పదేళ్ళ అలవాటు. పాత మీటరు పాడైతే నిన్ననే కొత్తది కొన్నారు. దాని మీద పడిన మొదటి అంకె చూసేసరికి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. 7.2!

నిన్నటిదాకా నూట ముప్ఫై ఉన్న మనిషి. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఏడంటే ఇంకేం మిగిలినట్టు?

"ఏమండీ, ఎలా ఉంది మీకు?"

మాస్టారు మీటరు అందుకుని, అంకెనూ, దాని పక్కనున్న చిన్న అక్షరాలనూ తీరిగ్గా చూశారు. "నీరసంగా ఉందే," అన్నారు సన్నగా.

ఆవిడ గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు చక్కెర కలిపింది. గడగడా తాగి ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి సరిగ్గా తగలక కెవ్వుమంది.

ఆ కేకకు పక్కింటావిడ జామ్ సీసాతో పరిగెత్తుకొచ్చింది. "ఏడేమిటి వదినా! నలభైకి పడినప్పుడే మా మామగారికి మాట పడిపోయింది. పెట్టు, పెట్టు!"

సగం సీసా అయ్యాక మీటరులో పదకొండు. పక్కింటి నుంచే వచ్చిన కేకు ముక్కలు నాలుగు లోపలికి వెళ్ళాక పదహారు.

"పెరుగుతోంది! కానీ డెబ్బై ఎప్పటికి దాటేది? సాయంత్రం దాకా తినిపించాలేమో!" అని ఏడ్చింది భార్య.

"ప్రయత్నిద్దాం," అన్నారు మాస్టారు నీరసంగా.

ఈలోగా కబురందుకుని డాక్టరు వచ్చాడు. మీటరు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇదేం పనమ్మా? ఇది అంతర్జాతీయ కొలత, మిల్లీమోల్స్. పద్దెనిమిదితో హెచ్చవేస్తే మన పాత లెక్క వస్తుంది. పొద్దున నూట ముప్ఫై, నిక్షేపంలా ఉన్నారు. ఇప్పుడు దాదాపు మూడొందలు!"

ఆవిడ కుర్చీలో కూలబడింది. "నా చేతులతో నేనే చంపుకునేదాన్నా?"

"ప్రాణానికి భయం లేదులెండి. మందు ఇస్తాను," అని డాక్టరు మాస్టారి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పొద్దూ మాస్టారూ? ఈ కొలతలన్నీ నాకు నేర్పింది మీరేగా! అంకె పక్కన ప్రమాణం రాయకపోతే బెత్తం విరిగేది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, జామ్ సీసాకు మెల్లగా మూత బిగించింది. భర్త వంక చూసింది.

మాస్టారు డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నన్నో నాలుగు రోజులు ఆసుపత్రిలో చేర్చుకోకూడదూ, నాయనా?"

మంచాలేవీ ఖాళీ లేవు.