చిన్న మేడంగారి తనిఖీ

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కారులో సముద్రం ఒడ్డున ఉన్న రిసార్టుకు వెళ్ళడం, గదులు చూడడం, నచ్చితే వచ్చే నెల సెలవులకు బుక్ చేసుకోవడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్న భర్తకు ఇందులో తిరకాసేమీ కనబడలేదు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే భార్యకు మాత్రం ఒకటి కనబడింది.

"అమ్మ ఒప్పుకోవాలి కదా," అంది, పాప నోట్లోంచి సబ్బుముక్క లాగేస్తూ. "అమ్మ రాకపోతే మనం వెళ్ళి ఏం లాభం? ఇక్కడ దీని వెనక పరిగెడుతున్నాం, అక్కడా పరిగెడతాం. అంతేగా."

నిజమే. పాపకు ఏడాది నిండి కాస్త దాటింది. నడక వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఆలుమగలిద్దరూ వంతులవారీగా కునుకు తీస్తున్నారు. సెలవులంటే వాళ్ళకు విహారం కాదు, నిద్ర. ఆ నిద్ర అంతా అత్తగారి చేతిలో ఉంది.

అత్తగారు కుట్టుపని టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఎత్తు తక్కువ, చూపు సూటి. పెళ్ళయిన నాటినుంచీ అల్లుణ్ణి ఆవిడ ఒక్కసారైనా 'అల్లుడుగారూ' అని పిలవలేదు. ఎవరితో చెప్పినా 'మా అమ్మాయి భర్త' అనే అనేది. అడిగినవాళ్ళకు కారణం కూడా చెప్పేది: "మనిషి మంచివాడే. బుర్ర మాత్రం ఏదో లిఫ్టులో మర్చిపోయి వస్తుంటాడు."

రిసార్టు విషయంలో ఆవిడ తేల్చి చెప్పేసింది. "నేనూ వచ్చి చూస్తాను. నచ్చితే వస్తాను. నచ్చకపోతే మీరూ వెళ్ళడానికి వీల్లేదు. పసిదాన్ని ఎక్కడపడితే అక్కడికి తిప్పుతారా ఏం?"

అందుకే బయల్దేరేముందు అన్నీ కనుక్కుందామని భర్త రిసార్టుకు ఫోన్ చేశాడు. "నమస్కారమండీ, నేను ఇన్‌స్పెక్టర్ని," అని మొదలుపెట్టాడు. ఉద్యోగం కొద్దీ ఎక్కడికి ఫోన్ చేసినా అతనికి అదే అలవాటు. 'లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ని' అని సరిచేసేలోగా పాప గిన్నె విసిరింది. ఆ మోతలో లిఫ్టులు కొట్టుకుపోయాయి.

అవతల రిసార్టు మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రిసార్టులకు నక్షత్రాల హోదా ఇచ్చే అధికారులు ఈమధ్య మామూలు కుటుంబంలా వేషం కట్టి వచ్చి చూసిపోతున్నారని అతను విని ఉన్నాడు. పక్క రిసార్టుకు ఒక నక్షత్రం అలాగే ఊడింది.

"ఈ పూట వచ్చి ఒకసారి చూసి వెళ్దామనుకుంటున్నాం," అన్నాడు భర్త. "మీ బాల్కనీ ఊచల మధ్య సందు ఎంతుంటుంది? తల దూరుతుందా?"

"తల... దూరదు సార్."

"ఈత కొలనుకి గేటుందా?"

"ఉంది సార్. ఇప్పుడే తాడేసి కట్టించేస్తాను సార్."

భర్తకు ముచ్చటేసింది. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే నాలుగు ముక్కలు మాట్లాడాలనిపించింది. "నాదేముందండీ, నేను ఎక్కడైనా సర్దుకుంటాను. చిక్కంతా మా చిన్న మేడంతోనే."

"చిన్న మేడమా సార్?"

"పెద్ద మేడం కూడా వస్తోందిలెండి. కానీ ఆవిడ మాట ఈవిడ వినదు. కనబడ్డ ప్రతిదీ నోట్లో పెట్టుకుని చూస్తుంది. నచ్చకపోతే ఎదురుగా ఎంతటివాడున్నా సరే, మొహాన విసిరికొడుతుంది."

మేనేజరు కాగితం, కలం దగ్గరికి లాక్కున్నాడు. "భోజనం సంగతి సార్?"

"మెత్తగా చిదిమి పెట్టాలి. పళ్ళు నాలుగే కదా. మెడకో గుడ్డ కట్టాలి. తిన్నాక కాసేపు ఎత్తుకుని తిప్పాలి. నిద్ర తక్కువైతే మాత్రం చుట్టుపక్కల ఒక్కర్నీ బతకనివ్వదు."

"ఎత్తుకుని... మేమే తిప్పాలా సార్?"

"మీవాళ్ళెవరైనా సాయం పడితే అంతకంటేనా!"

ఫోన్ పెట్టేసి మేనేజరు సిబ్బందినంతా వరండాలో నిలబెట్టాడు. విన్నదంతా చెప్పాడు. తోటపని చేసేవాళ్ళు కత్తెరలు కింద పెట్టి మరీ విన్నారు. చిన్న మేడం మొహాన విసిరికొడుతుందనే చోటుకు వచ్చేసరికి ఎవరూ కదల్లేదు. చివరికి వంటాయన చెయ్యెత్తాడు.

"నాలుగు పళ్ళతో అంత పెద్ద ఉద్యోగం ఎలా వెలగబెడుతోందండీ ఆవిడ?"

"అనుభవం," అన్నాడు మేనేజరు, చేతులు కట్టుకుని.

కారు వచ్చి గేటు ముందు ఆగింది. ముందు భర్త దిగాడు. తర్వాత భార్య దిగింది, చంకలో పాపతో. మేనేజరు గుండెలమీద చెయ్యి వేసుకున్నాడు. "వేషం కోసం పసిపిల్లని కూడా తెచ్చారు! ఎంత పకడ్బందీ!" అని పక్కవాడి చెవిలో అన్నాడు. అప్పుడు వెనక సీటులోంచి, కాలు నేలకు అందక కాస్త జారి, అత్తగారు దిగింది. కళ్ళద్దాలు సరిచేసుకుని భవనాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

చిన్న మేడం ఎవరో ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

హాల్లోకి అడుగు పెడుతూనే అత్తగారు కిటికీ తెర అంచు పట్టుకుని చూసింది. ఎన్నో ఏళ్ళ అలవాటు. "ఈ కుట్టు వంకర," అంది మామూలుగా. ఆ మాట పూర్తికాకముందే ఇద్దరు మనుషులు నిచ్చెన ఎక్కి తెర దించేశారు. అత్తగారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకున్నా మాడిన బల్బు ఒకటి మారేది కాదు. ఇక్కడ నోటిమాటకు గోడంత గుడ్డ దిగొచ్చింది.

తర్వాత చూసినవి ఇంకా వింతగా ఉన్నాయి. బల్లల మూలలన్నిటికీ దూది చుట్టి ఉంది. మెట్లకు మెత్తటి దిళ్ళు పరిచి ఉన్నాయి. ఆవిడ ఎటు తిరిగితే అటు ఒక మనిషి చేతులు చాచి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. సముద్రం కనిపించే పెద్ద గదిలో కిటికీలు ఎత్తుగా ఉండి ఆవిడకు అద్దాల నిండా ఆకాశపు నీలం తప్ప ఇంకేం కనబడలేదు. "ఈ ఊళ్ళో మనుషులకి మర్యాద ఇంతుందా!" అంది కూతురితో, రహస్యంగా, ఎవరైనా వింటే ఆగిపోతుందేమోనన్నట్టు.

భర్త కూడా అప్పటిదాకా అదే అనుకుంటున్నాడు. భోజనం బల్ల దగ్గర అతనికి తత్వం బోధపడింది. వంటాయన వచ్చి అత్తగారి మెడకు గుడ్డ కట్టాడు. గుమ్మడికాయ ముద్ద ఆవిడ ముందు పెట్టాడు. తలుపు సందుల్లో, కిటికీల వెనక, స్తంభాల చాటున సిబ్బంది ఊపిరి బిగబట్టారు. అత్తగారు ముద్ద వైపు చూసింది, గుడ్డ వైపు చూసింది, ఒక చెంచా తిని, ఆగి, "ఉప్పు తక్కువ," అంది. విసరలేదు. వంటాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

భర్త చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. ఫోన్లో తను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే లేచి అతని ఎదుట నిలబడ్డాయి. తలెత్తి చూసేసరికి బల్ల దగ్గర అత్తగారూ లేదు, ఆవిడ కుర్చీ లేదు. తిన్నాక 'ఎత్తుకుని తిప్పాలి' అన్నది గుర్తొచ్చి బయటికి పరిగెత్తాడు. అప్పటికే ఆలస్యమైంది. బలమైన మనుషులు నలుగురు అత్తగారిని కుర్చీతో సహా భుజాలకెత్తుకుని తోట చుట్టూ తిప్పుతున్నారు. వాళ్ళ ముందు మేనేజరు దారిలో చిన్న చిన్న రాళ్ళు ఏరుతూ నడుస్తున్నాడు.

ఆవిడ పైనుంచి పిలిచింది. "అల్లుడుగారూ!"

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"మిమ్మల్నే అల్లుడుగారూ! ఇదంతా మీరే దగ్గరుండి చెప్పి చేయించారట కదా. మేనేజరు చెప్పాడు. మీ గురించి నేను తొందరపడి ఏదేదో అనుకున్నాను. మనసులో పెట్టుకోకండి."

కుర్చీ మలుపు తిరిగింది. అతను చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. భార్య వచ్చింది. జరిగిందంతా గుసగుసగా చెప్పాడు.

"వెళ్ళి నిజం చెప్పేయండి," అంది భార్య.

"ఇప్పుడా? ఇప్పుడు చెప్తే ఉన్నపాటున వదిలేస్తారు. అంత ఎత్తునుంచి పడితే మీ అమ్మకి ఏమన్నా ఉందా?"

"దింపాక చెప్పండి."

"దింపాక మళ్ళీ నేను 'మా అమ్మాయి భర్త'నే అవుతాను. ఇన్నేళ్ళకి మొదటిసారి గారూ అంది. ఒక్క గంట ఉండనీ."

భార్యకు జాలేసింది, నవ్వూ వచ్చింది. అంతలో అతని రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని గమనించింది. "పాపేది? మీ దగ్గర లేదూ?"

"నీ దగ్గర లేదూ?"

ఆ తర్వాత కాసేపు ఎవరికీ నవ్వు రాలేదు. పక్కనే సముద్రం. భార్య నీళ్ళవైపు పరిగెత్తింది. భర్త ఈత కొలను దగ్గరికి ఉరికాడు. గేటు తాడుతో బిగించి కట్టి ఉంది. ఆ ముడి చూసి హమ్మయ్య అనుకుని అక్కడే చతికిలబడ్డాడు, మళ్ళీ లేచాడు. మేనేజరు, వంటాయన, తోటవాళ్ళు తలో దిక్కూ పరిగెత్తారు. కుర్చీ మోసేవాళ్ళు కుర్చీ దించడం కూడా మర్చిపోయి పరిగెత్తారు. "అటు! ఆ పొదల వెనక! ఇటు!" అని అత్తగారు పైనుంచి అరుస్తోంది.

బట్టలుతికే గది తలుపు దగ్గర ఎవరో చెయ్యి ఊపారు. అందరూ అటు వెళ్ళారు. వెళ్ళిన ప్రతివాళ్ళూ గుమ్మం దాటగానే ఆగిపోయారు.

అదొక పెద్ద గది. ఎత్తున ఉన్న కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. గోడ పొడవునా మనిషెత్తు యంత్రాలు, ఒక్కోదానికి ఒక్కో గుండ్రటి అద్దం తలుపు. ఆ అద్దాల వెనక తెల్లటి దుప్పట్లు నురగలో లేస్తున్నాయి, విచ్చుకుంటున్నాయి, మబ్బుల్లా దొర్లి మళ్ళీ కిందికి జారుతున్నాయి. గది నిండా సన్నటి ఆవిరి, పెద్ద ప్రాణి ఏదో నిద్రపోతూ తీసే ఊపిరిలాంటి చప్పుడు. తువ్వాళ్ళ కుప్ప మీద పాప కూర్చుని ఉంది.

కూర్చుని ఉంది! తల్లిదండ్రులు మొదట నమ్మలేదు. పాప చేతులు ఒళ్ళో ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. దుప్పటి లేస్తే తల లేస్తోంది, జారితే వాలుతోంది. ఆ కళ్ళలో ఇంతంత తెల్లటి సుడులు తిరుగుతున్నాయి. మాట్లాడితే ఆ పిల్ల చూస్తున్నదేదో చెదిరిపోతుందనిపించింది. అక్కడే పనిచేసే ఇస్త్రీ ఆవిడ కూడా తన యంత్రాలను కొత్తగా చూస్తూ నిలబడింది.

ముందుగా భార్యే తేరుకుంది. వెళ్ళి పాప పక్కన కూలబడి గట్టిగా హత్తుకుంది. "నా తల్లే! ఇక్కడున్నావా చిన్న మేడం!"

మేనేజరు ఆ మాట విన్నాడు. పాప వైపు చూశాడు. పాప నవ్వింది. నాలుగు పళ్ళు కనిపించాయి. అతను మెల్లగా తలెత్తి కుర్చీలో ఉన్న అత్తగారి వైపు చూశాడు. మోసేవాళ్ళు కూడా ఒకరి మొహాలొకరు చూసుకుని, ఎంతో జాగ్రత్తగా, కుర్చీ నేలకు దించారు.

"సార్," అన్నాడు మేనేజరు. "మీరు ఇన్‌స్పెక్టర్ అన్నారు."

"లిఫ్టులకండీ."

"మాకు లిఫ్టే లేదు సార్."

"అందుకేనండీ నాకు నచ్చింది," అన్నాడు అతను, తల వంచుకుని. తర్వాత అత్తగారి వైపు తిరిగాడు. "నా పొరపాటే అత్తయ్యా. పాప గురించి చెప్తే మీ గురించి అనుకున్నారు."

"తెలుసులెండి," అంది అత్తగారు. "గుమ్మడికాయ ముద్దప్పుడే అర్థమైంది. పళ్ళన్నీ ఉన్న మనిషి మెడకి గుడ్డ కట్టి ఎవరు తినిపిస్తారు?"

"మరి అప్పుడే చెప్పలేదేం అమ్మా?" అంది కూతురు.

అత్తగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఏమని చెప్పను? బుద్ధెరిగాక నన్నెవరైనా ఎత్తుకున్నారటే? ఒక్క చుట్టు చూసి చెప్దామనుకున్నాను. ఆ ఎత్తునుంచి గోడ అవతల సముద్రం మొత్తం కనబడింది. ఎక్కడికెళ్ళినా ఎదుటివాళ్ళ వీపులు చూసే పొట్టిదాన్ని. నీళ్ళు ఆకాశానికి తగులుతాయని అందరూ అంటుంటే వినడమే. ఇవాళ చూశాను. అప్పుడు ఆపమని ఎలా అంటాను? పొరపాటునైనా అది చూపించింది అల్లుడుగారేగా."

మోసినవాళ్ళలో ఒకడు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరు తువ్వాళ్ళ కుప్ప మీద కూర్చుండిపోయాడు. "అయితే నక్షత్రం ఊడదన్నమాట," అని పెద్ద నిట్టూర్పు విడిచాడు. అతనికి కోపం రావాలి. కానీ పాప అతని వేలు పట్టుకుని యంత్రం వైపు చూపిస్తోంది, అతనూ చూశాడు, చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"వచ్చే నెలకి గది ఇప్పించండి," అంది భార్య. "మా అమ్మ కూడా వస్తుంది."

"వస్తాను," అంది అత్తగారు. "అల్లుడుగారు ఇంత వెతికి పట్టుకున్న చోటు."

"సముద్రం కనిపించే ఆ పెద్ద గది అట్టిపెడతానండీ," అన్నాడు మేనేజరు.

"వద్దండీ. ఈ యంత్రాలు కిటికీలోంచి కనిపించే గది ఏదైనా ఉందా?" అంది భార్య.

మేనేజరు వేళ్ళ మీద గదులు లెక్కపెట్టాడు. "ఒకటుందండీ, ఎదురుగా. పెద్దదే. కానీ ఇంతవరకూ దాన్ని ఎవరూ అడగలేదు. చీపుళ్ళు పెట్టుకుంటాం."

"అదే కావాలి. దుప్పట్లు తిరుగుతున్నంతసేపూ మా పాప కదలదు. ఇది కదలనంతసేపూ మేం పడుకుంటాం."

"మరి పెద్దావిడకి సముద్రం?"

"నన్ను రోజూ సాయంత్రం ఒక్క చుట్టు తిప్పితే చాలు," అంది అత్తగారు, కుర్చీ మోసినవాళ్ళ వైపు చూస్తూ.

వాళ్ళు సెలవులకు వచ్చేనాటికి చీపుళ్ళను సముద్రం కనిపించే గదిలోకి మార్చారు.