కునికే సన్యాసి

ఆ శనివారం ఎల్వుడ్ స్టౌట్ పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున్నే ఇర్మా క్లింగర్ ఇంటికి వెళ్ళాలి, కునికే సన్యాసిని తెచ్చుకోవాలి, పొయ్యి మీది కాఫీ చల్లారకముందే తిరిగి రావాలి.

సన్యాసి అంటే బొమ్మ. పుస్తకాలు పక్కకు ఒరిగిపోకుండా చెరో కొసన పెట్టే జత బొమ్మల్లో ఒకటి. తాతల నాటిది. లోపల సుద్ద, పైన పలచని కంచు తొడుగు. జతలో ఎడమవైపు సన్యాసి పుస్తకం చదువుతుంటాడు. కుడివైపువాడు పుస్తకం మీదే తల వాల్చి కునుకు తీస్తుంటాడు. చదివేవాడు ఎల్వుడ్ ఇంట్లో ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్నాడు. పెన్సిల్వేనియాలో ఎల్వుడ్ తిరగని సంత లేదు, కునికేవాడు మాత్రం దొరకలేదు. చివరికి వాడు సొంత ఊళ్ళోనే, ఇర్మా ఇంటిముందు పాత సామాన్ల బల్ల మీద, అమ్మకానికి కూర్చుని కనబడ్డాడు.

ఇలాంటి బొమ్మల మంచీచెడూ చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఎల్వుడ్ మాటకు తిరుగులేదు. గోటితో తట్టి, తొడుగు సుద్దను వదిలిందో లేదో చెప్పేవాడు. అంచు చీలి తెల్లగా కనబడితే పెదవి విరిచేవాడు. ఏళ్ళ మీద పట్టిన గోధుమరంగును ఎవరైనా తోమేశారని తెలిస్తే, చావింట్లో నిలబడ్డట్టు టోపీ తీసి నిలబడేవాడు.

బేరంలో అక్కడివాళ్ళ పద్ధతి ఒకటుంది. అక్కరలేనిదాన్ని పొగడాలి, కావలసినదాన్ని తిట్టాలి. ఎల్వుడ్ ముందుగా ఒక పగిలిన జాడీని మెచ్చుకున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు సన్యాసిని అందుకుని గోటితో తట్టాడు. మోత గట్టిగా, నిండుగా పలికింది. ఎల్వుడ్ గుండె అంతకంటే గట్టిగా పలికింది.

"ప్చ్. తొడుగు వదిలేసిందమ్మా ఇర్మా. రంగు చూడు, మురికి. ఇలాంటిదాన్ని ఎవడు కొంటాడు? సర్లే, పెట్టిన ధరకే నేను తీసుకుపోతా."

ఇర్మా ముఖం కందిపోయింది. మొగుడు పోయాక ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి ఆవిడ. మాట పడదు.

"నువ్వు చెప్పాక ఇంకేముంది! చచ్చు సరుకు నీకు అంటగట్టి, రేపు చర్చిలో నీ వెనక బెంచీ మీద ఏ ముఖంతో కూర్చోను?" అంటూ బొమ్మను లాక్కుంది. "క్లింగర్ల ఇంట్లోంచి చెడిన వస్తువు గడప దాటదు. ఒరేయ్ లెస్టర్! ఇది పట్టుకెళ్ళి బాగుచెయ్యి."

లెస్టర్ ఆవిడ తమ్ముడు. కార్ల సొట్టలు తీసి రంగులు కొట్టే షెడ్డు అతనిది. ఎల్వుడ్ నోరు తెరిచేలోగా సన్యాసి ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఎల్వుడ్ షెడ్డుకు చేరేసరికి సన్యాసిని లెస్టర్ ఇనప బిగింపులో బిగించి పెట్టాడు. పక్కనే సాన చక్రం గిర్రున తిరుగుతోంది.

"ఆపు!"

"కంగారు పడకండి ఎల్వుడ్ గారూ. అద్దంలా చేసిస్తా. పైన ఎరుపు కొట్టనా, వెండిరంగు కొట్టనా?"

"ఏదీ కొట్టొద్దు! దానికి ఏ రోగమూ లేదయ్యా. నేను అబద్ధమాడాను."

లెస్టర్ చక్రం ఆపాడు. అతని చూపు మెత్తబడింది. "అర్థమైంది. అక్క నొచ్చుకుందని ఇప్పుడిలా అంటున్నారు. ఎంత మంచి మనసండీ మీది!"

"మనసూ లేదు, మన్నూ లేదు. నాకది కావాలి. రెట్టింపు ఇస్తా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్."

"చచ్చు బొమ్మకు రెట్టింపా?" లెస్టర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఫోను తీశాడు. "అక్కా, ఈయన చూపు బొమ్మ మీద ఉన్నట్టు లేదే."

షెడ్డులో కాఫీ తాగుతున్న ఇద్దరు ఈ మాట విన్నారు. వాళ్ళిద్దరూ భోజనానికి ఇళ్ళకు వెళ్ళారు. మరి కాసేపటికి ఆ మాట, ఊళ్ళో బ్యూటీ పార్లర్లో జుట్టు ఉంగరాలు తిరగాలని తలకు రోలర్లు చుట్టించుకుంటున్న ఎల్వుడ్ భార్య మావిస్ చెవిన కూడా పడింది.

ఎల్వుడ్‌కు ఇవేవీ తెలియవు. నిజం చెబితే నమ్మడం లేదు కాబట్టి చూపించాలని తేల్చుకున్నాడు. ఇంటికెళ్ళి చదివే సన్యాసిని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని, మళ్ళీ ఇర్మా ఇంటికి బయల్దేరాడు.

ఇర్మా వాకిట్లోనే ఉంది. లెస్టర్ తిరిగిచ్చిన సన్యాసి ఆవిడ చేతిలో ఉన్నాడు.

"జాలిపడి డబ్బులిస్తానన్నావట! మా ఆయన పోయాడు గానీ నేను బిచ్చమెత్తుకోవడం లేదు."

"జాలి కాదమ్మా. ఒక్కసారి ఇటివ్వు." రెండు బొమ్మలనూ మెట్టు మీద పక్కపక్కన పెట్టాడు. ఒక్కొక్కదాన్నీ తట్టాడు. "విను. ఇది నాది, ఇది నీది. రెండింటిదీ ఒకటే మోత. తొడుగు అంచు చూడు, వెంట్రుకంత చీలిక లేదు. రంగు చూడు, అన్నదమ్ముల్లా ఉన్నారు. పొద్దున నేను వాగిందంతా అబద్ధం."

ఇర్మా వంగి చాలాసేపు చూసింది. తనూ గోటితో తట్టి చూసింది. ముఖం విప్పారింది.

"నిజమే సుమా! ఇంత బంగారంలాంటివాణ్ణి నేనెందుకమ్ముతాను? అమ్మను."

ఎల్వుడ్ మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడే వాకిట్లో కారు ఆగింది. తలనిండా రోలర్లతో మావిస్ దిగింది.

"బొమ్మ కోసం వచ్చానే! ఒట్టు," అన్నాడు ఎల్వుడ్, అడక్కుండానే.

మావిస్ రెండు బొమ్మలనూ చూసింది. ఇర్మాను చూసింది. "ఆ బొమ్మ అమ్ముతున్నావా?"

"లేదు."

"అయితే ఈయన రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు."

"వస్తే కాఫీ ఇస్తాను. ఇంటికొచ్చినవాణ్ణి తరమలేను కదా," అంది ఇర్మా.

ఆ కాఫీ మాటతో మావిస్ తేల్చేసుకుంది. చదివే సన్యాసిని ఎత్తి ఇర్మా చేతుల్లో పెట్టింది. "వీణ్ణి కూడా నువ్వే ఉంచుకో. ఇక ఈయనకు ఈ గడపతో పని లేదు."

"మావిస్! అది నా..."

"నీ...?"

ఎల్వుడ్ ఆ రోలర్లను చూసి, ఖాళీ తువ్వాలు మడతపెట్టుకున్నాడు.

ఇర్మా మాత్రం ఊరికే తీసుకునే మనిషి కాదు. బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "నిజం చెప్పు ఎల్వుడ్. దీనికేమైనా లోపముందా? ఉంటే నాకొద్దు... పోనీ, లెస్టర్‌కిస్తే సాన పట్టి ఎర్రరంగు కొట్టి ఇస్తాడులే."

ఎల్వుడ్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"ఏ లోపమూ లేదమ్మా," అన్నాడు.

స్టౌట్ వాళ్ళింట్లో పుస్తకాలిప్పుడు పడుకునే ఉంటున్నాయి. దుమ్ము దులపడం తేలికైందంటుంది మావిస్.