ప్రేరణకు ఒకటే కుర్చీ

ఆ ఉదయం ప్రూఫ్ రీడర్ పెట్టుకున్నది చాలా చిన్న పని. బళ్లలో పిల్లలంతా పాడే వాన పాట ఆయన రాసిందే. కానీ ఇన్నేళ్లూ పుస్తకాల్లో దాని కింద ‘అజ్ఞాత కవి’ అనే అచ్చవుతోంది. ఇవాళ గ్రంథాలయంలో ఆ పాటను గోడ మీద రాయించి, కింద ఆయన పేరు పెడుతున్నారు. వెళ్లి, పాట ఎలా పుట్టిందో నాలుగు ముక్కలు చెప్పి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి.

“నా పేరు చెప్తారుగా?” అంది భార్య చెప్పులు వేసుకుంటూ.

“చెప్పకుండా ఎలా ఉంటాను?” అన్నాడు. పెళ్లయిన కొత్తలో, ఆ పాట నీ కోసమే రాశానని ఆమెకు చెప్పింది ఆయనే.

గ్రంథాలయం మెట్ల మీద అక్క ఎదురైంది. “ఒరేయ్ తమ్ముడూ, నాకు జ్వరమొచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని, ఈ పాట నా కోసమే రాశానన్నావు గుర్తుందా? అందుకే పనులన్నీ మానుకుని వచ్చాను.”

ప్రూఫ్ రీడర్ ఓరకంట భార్య వైపు చూశాడు. ఇంతలో వెనక చేతికర్ర చప్పుడైంది. చిన్నప్పుడు ఆయనకు చదువు చెప్పిన మాస్టారు.

“నా పాఠం విని రాశానన్నావు కదరా! ఆ సంగతి నేనే చెప్తాలే, నువ్వు మొహమాటపడతావు.”

వేదిక మీద ‘పాటకు ప్రేరణ’ అన్న కాగితం అంటించి లైబ్రేరియన్ ఒకే ఒక్క కుర్చీ వేయించింది. ముగ్గురూ ఒకేసారి అటు నడిచారు.

“వదినా, అది నా కుర్చీ.”

“నీ మెడలో తాళి పడకముందు నుంచీ వాడు నాకు తమ్ముడమ్మా!”

మాస్టారు చేతికర్రను కుర్చీలో పడుకోబెట్టి సీటు రిజర్వు చేసుకున్నారు.

పాట పాడటానికి వచ్చిన బడి పిల్లలు పకపకా నవ్వారు. లైబ్రేరియన్ నవ్వలేదు. “అసలు ఈ పాట మీదేనాండీ?” అని అడిగి, పెయింటర్ చేతిలోని కుంచెను ఆపింది. “త్వరగా తేల్చండి సార్, రంగు ఆరిపోతోంది” అన్నాడు పెయింటర్.

ఇక దాచి లాభం లేదని ప్రూఫ్ రీడర్ మైకు అందుకున్నాడు.

“ముగ్గురికీ అబద్ధమే చెప్పాను. అప్పట్లో నేను పనిచేసే పత్రికలో గొడుగుల కంపెనీ ప్రకటన ఒకటి చివరి నిమిషంలో రద్దయింది. గొడుగు బొమ్మ అప్పటికే పేజీలో బిగించేశారు. దాని కింద ఎనిమిది పంక్తుల ఖాళీ. ఏదో ఒకటి రాసి నింపవయ్యా అన్నారు ఎడిటరు గారు. గొడుగు కింద ఇంకేం రాస్తాను? వాన గురించి రాశాను. పేరు పెట్టడానికి చోటు మిగల్లేదు.”

ఇక మూడు వైపుల నుంచీ అక్షింతలే అనుకుని ఆయన తల వంచుకున్నాడు.

“అంటే మరదలి కోసం కాదన్నమాట!” అక్క ముఖం వెలిగిపోయింది.

“వదిన కోసమూ కాదు” అని భార్య తృప్తిగా చప్పట్లు మొదలుపెట్టింది.

“మొత్తానికి అడిగిన కొలతకు రాశాడు. నా శిష్యుడు!” అని మాస్టారు చేతికర్రతో వేదికను టకటకలాడించారు.

లైబ్రేరియన్ నవ్వేసి కుంచెను వదిలింది. గోడ మీద పేరు ఒక్కో అక్షరమే పూర్తవుతుంటే పిల్లలు లేచి నిలబడి, కిటికీలు అదిరేలా పాట అందుకున్నారు. ప్రూఫ్ రీడర్ తన పేరును రెండుసార్లు చదువుకున్నాడు, తప్పులేమీ లేవు.

గొడుగుల కంపెనీకి మాత్రం ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు.